పదిహేడో బ్యాచ్

వార్డెన్ గేటు ముందు స్కూటర్ ఆపి గడియారం చూసుకుంది. పదకొండూ ఇరవై.

వరండాలో ఆ ఇంటి అత్తగారు బీన్సు తుంచుతూ ఏడుస్తోంది. చెయ్యి ఆగితే ఏడుపు, ఏడుపు ఆగితే చెయ్యి. రెండు పనులూ వంతులేసుకున్నట్టు సాగుతున్నాయి.

"వచ్చావా వార్డెనమ్మా! ఇంతసేపా? ఈపాటికి దొంగముండ ఊరు దాటేసి ఉంటుంది."

"ఆడమనిషని అప్పుడే తేల్చేశారా వదినా?"

"తేల్చేదేముంది? ఆ కొవ్వొత్తులావిడే! మా కోడలితో పాటు తనూ మహిళా నిధి సాయానికి దరఖాస్తు పెట్టుకుంది. పోయిన శుక్రవారం నన్ను చూసి నవ్వింది. ఊరికే ఎవరైనా నవ్వుతారా?"

వార్డెన్ చిన్న నోటుపుస్తకం తీసి 'నవ్వింది' అని రాసుకుంది. రాసుకోకపోతే అత్తగారు అదే మాట మళ్ళీ చెబుతుందని ఆమెకి తెలుసు. పాతికేళ్ళు ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా ఉండి రిటైరైన మనిషి. నూట ఇరవై మంది అమ్మాయిలు, రోజుకి మనిషికి రెండు అబద్ధాలు చొప్పున వింటూ పాతికేళ్ళు గడిపాక, ఇంట్లో కూర్చుని నిజాలు వింటే తోచలేదు. గుమ్మానికి డిటెక్టివ్ అని బోర్డు కట్టింది. 'నా హయాంలో పోయిన ప్రతి బకెట్టూ దొరికింది' అనేదే ఆమెకున్న ఏకైక ప్రచారం.

"మొదటి నుంచి చెప్పండి. ఏడవకుండా."

అత్తగారు చెప్పింది. కోడలు సబ్బులు చేస్తుంది. ఇంటి పక్క గరాజ్‌లో నలుగురు ఆడవాళ్ళని పెట్టుకుని మూడేళ్ళుగా చేస్తోంది. ఈమధ్య పెద్దకొడుకు కారు కొన్నాడు. కారుకి నీడ కావాలట, నెలాఖరుకి గరాజ్ ఖాళీ చెయ్యమన్నాడు. మహిళా వ్యాపార అభివృద్ధి నిధి వాళ్ళు ఒప్పుకుంటే కోడలికి ఒక షెడ్డు, సబ్బు కలిపే యంత్రం, ఏడాది పాటు అండ దొరుకుతాయి. ఒప్పుకోకపోతే నెలాఖరుకి సబ్బులూ ఉండవు, ఆ నలుగురి పనీ ఉండదు. ఇవాళ మూడింటికి ఆఖరి సమావేశం. వాళ్ళ ముందు పన్నెండు సబ్బులు పెట్టాలి. అవి కూడా ఏవి పడితే అవి కాదు. దరఖాస్తులో రాసిన పదిహేడో బ్యాచ్‌వే, పోయిన గురువారం నిధి ఆఫీసరు స్వయంగా వచ్చి సీలు వేసి సంతకం పెట్టిన అట్టపెట్టెలోవే. ఒకసారి ఎవరో మహాతల్లి బజార్లో కొన్న సబ్బులకి తన పేరు అంటించుకొచ్చిందట. అప్పట్నుంచీ ఈ కట్టుదిట్టం.

ఆ పెట్టె పొద్దున మాయమైంది.

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"తొమ్మిదిన్నరకి నేనే కిటికీలోంచి చూశా. బల్ల మీదుంది. పదీ ఐదుకి కోడలు కెవ్వుమంది."

"ఈ మధ్యలో గేటులోంచి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు. తొమ్మిది నుంచీ ఇక్కడే కూర్చున్నా. పదింటికి మా చిన్నాడు, అదే కోడలి మొగుడు, కారేసుకుని క్లాసుకి వెళ్ళాడు. అంతే."

"ఇక్కడి నుంచి అసలు లేవలేదా?"

అత్తగారు బీన్సు వైపు చూసింది. "తొమ్మిదీ నలభైకి ఫోనొస్తే లోపలికెళ్ళా. నాలుగు నిమిషాలు. సరే, పది అనుకో."

వార్డెన్ అది కూడా రాసుకుంది. ఈసారి పనికొస్తుందనే.

*

ముందు గదిలో సోఫా మీద కోడలు కూర్చుని ఉంది. ముప్పై ఐదేళ్ళుంటాయి. సమావేశానికని తీసిపెట్టుకున్న చీర కుర్చీ వెనక ఇస్త్రీ నలగకుండా వేలాడుతోంది. పక్కనే మొగుడు. ఆయన డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. అందరూ మాస్టారంటారు.

"పెట్టె పోయిందని ముందు చూసిందెవరమ్మాయ్?" అంది వార్డెన్.

"మేమే," అన్నాడు మాస్టారు.

"మీరు అప్పటికి క్లాసులో ఉన్నారుగా?"

"అంటే, తను చూసి నాకు ఫోన్ చేసింది. మేం షాకైపోయాం. క్లాసు మధ్యలో వదిలేసి పదకొండుకల్లా వచ్చేశాం."

"గరాజ్ తాళాలు ఎవరి దగ్గరుంటాయమ్మాయ్?"

"మా దగ్గరే మేడమ్. ఒకటి తన దగ్గర, ఒకటి నా దగ్గర."

"సబ్బులు చేసేదెవరు?"

"మేమే చేస్తాం మేడమ్."

వార్డెన్ ఆయన వైపు పూర్తిగా తిరిగింది. "అందులో మీరు చేసేదేంటి మాస్టారూ?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "ప్రోత్సాహం," అన్నాడు.

"చూడండి, పక్క సీట్లో కూర్చుని కూడా బ్రేకు తొక్కడం మీ వృత్తి. కాదనను. కానీ ఇక్కడ బండి నడుపుతున్నది ఆ అమ్మాయి. కాసేపు కాళ్ళు పైకెత్తి కూర్చోండి."

మాస్టారు నిజంగానే కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. అత్తగారు పొగలు కక్కుతున్న టీ మూడు గ్లాసుల్లో తెచ్చి పెట్టింది. వార్డెన్ తన గ్లాసు అందుకుంది. మాస్టారు తనది ఊదుకుంటూ తాగాడు. కోడలు గ్లాసు ముట్టుకోలేదు. పక్కనున్న చల్లటి నీళ్ళ సీసా ఎత్తి ఒక గుక్క నోట్లో పోసుకుని, మింగకుండా అట్టే పెట్టుకుంది.

"ఇప్పుడు చెప్పమ్మా. పొద్దున ఏం జరిగింది?"

కోడలు నీళ్ళు మింగింది. "పదీ ఐదుకి తలుపు తీశాను. పెట్టె లేదు. కేక పెట్టాను."

మాటలు ఒక్కొక్కటే, ఎవరో తూచి ఇస్తున్నట్టు వస్తున్నాయి.

"లోపలికెళ్ళి వెతకలేదా?"

"లేదు. గుమ్మంలోనే ఆగిపోయాను. నిన్న సాయంత్రం తాళం వేశాక గరాజ్‌లో అడుగు పెట్టలేదు."

"మీ పనివాళ్ళు?"

"ఇవాళ సెలవిచ్చాను. సమావేశం కదా."

"షాక్‌లో ఉంది మేడమ్," అన్నాడు మాస్టారు ఆపుకోలేక. "మామూలుగా టీ లేనిదే తనకి..."

"బ్రేకు," అంది వార్డెన్.

*

గరాజ్‌లో అడుగు పెట్టగానే కొబ్బరినూనె వాసన కొట్టింది. తలుపు తాళం చెక్కుచెదరలేదు. వంటింట్లోకి ఇంకో చిన్న తలుపుంది. దానికి గరాజ్ లోపలి వైపు గడియ. మధ్యలో బల్ల. బల్ల మీద దుమ్ములో పెట్టె ఉండిన చోటు నలుచదరంగా శుభ్రంగా కనిపిస్తోంది. దాని పక్కన తూకం యంత్రం, నూనె డబ్బాలు, పచ్చ ప్లాస్టిక్ మగ్గు, కాస్టిక్ సోడా అని ఎర్రక్షరాలతో రాసి మూత బిగించిన డబ్బా. అన్నీ ఎక్కడివక్కడ, హాస్టల్ తనిఖీ రోజున పిల్లలు సర్దుకున్నట్టున్నాయి.

ఎడమ గోడకి అరలు. సబ్బు పోసి ముక్కలు కోశాక కనీసం నెల రోజులు అరల మీద ఆరాలని అత్తగారు వెనక నుంచి వివరిస్తోంది. "రోజూ తిరగెయ్యాలి వార్డెనమ్మా, లేకపోతే ఒకవైపే ఆరి వంకర తిరుగుతాయి. పిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంటుంది. పిల్లల్ని ఎవరు చూస్తారనుకున్నావ్? నేనే."

పై అరలో పదిహేనో బ్యాచ్, కింది అరలో పదహారోది. పక్క గోడకి చేతిరాతతో ఒక అట్టముక్క వేలాడుతోంది: 'సరి తేదీ: ముద్ర పైకి. బేసి తేదీ: ముద్ర కిందికి.'

వార్డెన్ ఒక సబ్బు వైపు వంగి చూసింది. నున్నటి వీపు. ఇంకోటి. నున్నటి వీపు. వరుస చివరి దాకా నడిచింది. రెండు అరల్లోనూ ఒక్క సబ్బుకీ ముద్ర పైకి లేదు.

"ఇవాళ తారీఖెంత వదినా?"

"ఇరవై మూడు. ఎందుకు?"

వార్డెన్ తేదీ రాసుకుని ఇంకా కిందికి వంగింది. అన్నిటికంటే కింది అరలో ఒక కాగితం పరిచి ఉంది. దాని మీద 'పదిహేడు, మిగిలినవి' అని రాసి ఉంది. కాగితానికి నూనె పీల్చిన మరకలు నాలుగు. సబ్బులు మాత్రం రెండే. ఆ రెండింట్లో ఒకదాని మూల, ఎవరో తడి చేసి వదిలినట్టు కొంచెం జారుగా ఉంది.

"బ్యాచ్‌లో మొత్తం ఎన్ని?"

"పదహారు. పన్నెండు పెట్టెలోకి పోయాయి. నాలుగు ఇక్కడ..." అత్తగారు మాట మధ్యలో ఆపేసింది. "స్టవ్ మీద ఏదో పెట్టాను," అని వంటింటి తలుపులోంచి మాయమైంది.

స్టవ్ మీద ఏమీ లేదని వార్డెన్‌కి తెలుసు. టీ గిన్నె దించిన చప్పుడు ఇందాకే వింది. అయితే ఆ సంగతి ఆరా తీసేలోపు వెనక నుంచి బూట్ల చప్పుడైంది.

"మేడమ్! నేర స్థలంలో చెప్పులతో తిరుగుతున్నారు!"

గుమ్మంలో మాజీ ఇన్‌స్పెక్టర్. ఉద్యోగం అయిపోయినా మీసం తగ్గని మనిషి. వారానికోసారి దానికి నల్లరంగు పడుతుందని, ఆ రోజు ఆయన నవ్వడని ఊరంతా చెప్పుకుంటారు. ఆయనా డిటెక్టివ్ బోర్డే పెట్టాడు, వార్డెన్ బోర్డు కంటే రెండడుగులు పెద్దది.

"మిమ్మల్నెవరు పిలిచారు?" అంది వార్డెన్.

"ఈ ఇంటాయన. మిమ్మల్ని?"

"ఆయన తల్లి."

ఇద్దరూ ఒకర్నొకరు జాలిగా చూసుకున్నారు. మాస్టారు ఇన్‌స్పెక్టర్ వెనక నుంచి తల బయటికి పెట్టాడు. "అమ్మ ఆల్రెడీ పిలిచిందని నాకు తెలీదు మేడమ్."

ఇన్‌స్పెక్టర్ బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. అరల వైపు కన్నెత్తి చూడలేదు. తాళం మాత్రం భూతద్దం పెట్టి మరీ చూశాడు. "తాళం పగల్లేదు. తాళంచెవులు రెండే. ఒకటి భార్య దగ్గర, ఆవిడ బాధితురాలు. రెండోది?"

"నా దగ్గర సార్," అన్నాడు మాస్టారు.

"కేసు తేలిపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"సార్! మిమ్మల్ని పిలిపించింది నేనే!"

"పిలిపించినవాడే మొదటి అనుమానితుడు. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో పదింట ఏడు కేసులు మొగుళ్ళవే. భార్య పైకొస్తోంది. భర్తకి మింగుడు పడదు. తొమ్మిదిన్నరకీ పదికీ మధ్య మీరెక్కడున్నారు?"

"మేడ మీద... కళ్ళజోడు వెతుక్కుంటున్నా."

"దొరికిందా?"

"తల మీదే ఉంది సార్."

"చూశారా మేడమ్? కథలు!" ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాపాడు. "కారు తాళాలు ఇలా ఇవ్వండి. సోదా చెయ్యాలి."

"ఇన్‌స్పెక్టర్‌గారూ," అంది వార్డెన్, "వెళ్ళే ముందు ఆ అరల మీద సబ్బులు ఒక్కసారి చూడండి."

"పోయినవాటి కోసం వచ్చాను మేడమ్. ఉన్నవాటిని చూస్తూ కూర్చోడానికి ఇది హాస్టల్ కాదు."

"హాస్టల్లో దొంగ దొరికేది ఉన్నవాటిని చూస్తేనే."

"బకెట్ల సంగతి వేరు, క్రైమ్ సంగతి వేరు," అని ఆయన మీసం సవరించుకుని తాళాలతో బయటికి నడిచాడు. మాస్టారు 'క్లచ్ కొంచెం గట్టిగా ఉంటుంది సార్' అంటూ వెంటపడ్డాడు.

గడియారంలో పన్నెండు.

*

గరాజ్ మూలమూలా ఇంకోసారి చూసుకుని, పావుగంటకి వార్డెన్ ముందు గదిలోకి తిరిగొచ్చి కోడలి ఎదురుగా కూర్చుంది. టీ గ్లాసు అలాగే ఉంది, మీగడ కట్టి.

"అమ్మాయ్, నీ దగ్గర పనిచేసేవాళ్ళకి ఇవాళ సెలవు. నువ్వేమో గుమ్మం దాటలేదన్నావు. నిన్న సరి తేదీ, ముద్రలు పైకుండాలి. ఇవాళ బేసి తేదీ. రెండు అరల్లో సబ్బులన్నీ బోర్లా ఉన్నాయి. మరి వాటిని తిరగేసిందెవరు?"

కోడలు నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చుంది.

"దొంగే తిరగేసింది. పెట్టె చంకలో పెట్టుకుని, ఎవరైనా వస్తారేమోనని గుండె దడదడలాడుతుంటే కూడా, ఆ సబ్బుల్ని అలా వదిలేసి పోలేకపోయింది. కొవ్వొత్తులావిడకి ఆ బాధ ఉండదు. మీ ఆయనకి అసలు సరి తేదీ ఏదో బేసి తేదీ ఏదో తెలుసా అని నా అనుమానం."

కోడలి కళ్ళు నిండాయి.

"ఇంకోటి. టీ లేనిదే ఉండలేని మనిషివి, ఇందాకట్నుంచి చల్లటి నీళ్ళు పుక్కిలి పడుతున్నావు. నాలుక చూపించు."

పాతికేళ్ళు హాస్టల్ పిల్లల్ని భయపెట్టిన గొంతు అది. కోడలు చిన్నపిల్లలా నాలుక బయటపెట్టింది. కొస ఎర్రగా పొక్కి ఉంది.

"సబ్బు నాకావా?"

"సబ్బులు చేసేవాళ్ళమందరం అలాగే పరీక్షిస్తాం వార్డెన్‌గారూ," అంది కోడలు. మాట్లాడితే మండుతున్నట్టు మొహం చిట్లించింది. "సబ్బుని తడిచేసి నాలుక కొసకి తాకిస్తాం. మంచి సబ్బైతే ఏమీ ఉండదు. సోడా ఎక్కువైతే కరెంటు కొట్టినట్టు చురుక్కుమంటుంది. ముక్కలు కోసిన వారానికే చూడాలి. కానీ పదిహేడో బ్యాచ్ పెట్టిన మర్నాటి నుంచీ నిధి వాళ్ళ ట్రైనింగ్ మొదలైంది. ఐదు వారాలు. మార్కెటింగట, ప్రణాళికట, జనం ముందు మాట్లాడ్డమట. పొద్దున వెళ్తే రాత్రికొచ్చేదాన్ని. వ్యాపారం నేర్చుకునే హడావిడిలో సబ్బు చూసుకోలేదు. ఇవాళ పొద్దున ఎందుకో అనుమానమొచ్చి, మిగిలినవాటిలో ఒకటి తాకించాను. చుర్రుమంది. చర్మం మీద రాస్తే పొక్కులే."

"అత్తగారు ఫోన్‌కి లేవగానే పెట్టె తీసి దాచేశావు."

"అవును."

"నిజం చెప్పేస్తే పోయేదిగా?"

"ఎలా చెప్పను? ఐదు వారాలు నన్ను నిలబెట్టి 'నాణ్యతే నా మాట' అని చెప్పించారు. అద్దం ముందు కూడా అదే చెప్పుకున్నాను. పెట్టె పోయిందంటే పాపం అంటారు, ఇంకోసారి రమ్మంటారేమో. చెడిందంటే చేతకాదంటారు. నలుగురు నన్ను నమ్ముకుని ఉన్నారు. వాళ్ళకేం చెప్పను, చేతకానిదాని దగ్గర మూడేళ్ళు పనిచేశారనా?"

వార్డెన్ ఒక్క క్షణం ఆ పిల్ల తల నిమరబోయి, డ్యూటీలో ఉన్నానని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. "సరే. పెట్టె ఎక్కడ దాచావు?"

"ఆయన కారు డిక్కీలో. స్టెప్నీ టైరు కింద."

వార్డెన్ కిటికీలోంచి చూసింది. గేటు పక్కన స్కూటరుంది. కారు లేదు. మాస్టారు ఒక్కడే రోడ్డు మధ్యలో నిలబడి, ఎప్పుడో మలుపు తిరిగిపోయిన తన కారు వైపు చూస్తూ, ఇంకా "సెకండ్ గేరు! సెకండ్ గేరు!" అని గాల్లో చెయ్యి ఊపుతున్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది.

"మేడమ్," అంది ఫోన్‌లో ఇన్‌స్పెక్టర్ గొంతు, పెళ్ళికొడుకంత సంబరంగా. "మీరింకా సబ్బుల్ని చూస్తూనే ఉన్నారా? పోయినవి నాకు దొరికాయి. మొగుడి డిక్కీలోనే! సరాసరి నిధి ఆఫీసుకి తెచ్చి ఛైర్‌పర్సన్ మేడమ్‌కి అప్పగించేశాను. ఆవిడ నా ముందే సీలు తీశారు. ఎంత మంచి వాసనో అన్నారు. భోంచేసి వచ్చారు కదా, ఇదిగో, చేతులు కడుక్కోడానికి లేస్తున్నారు..."

ఫోన్ వార్డెన్ చేతిలో లేదు. కోడలు లాక్కుంది.

"మేడమ్‌కివ్వండి! ఇవ్వండి ముందు! ... మేడమ్, నేను సబ్బుల... అవును, నేనే. ఆ సబ్బు ముట్టుకోకండి! సోడా ఎక్కువైంది, చేతులు పొక్కిపోతాయి. దాన్నెవరూ దొంగిలించలేదు, నేనే దాచాను. పాడైందని చెప్పడానికి మొహం చెల్లక దాచాను. మా ఆయనకేం తెలీదు. తప్పు నాదే మేడమ్!"

గుమ్మంలోకొచ్చిన మాస్టారు నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయాడు. చెప్పకుండా మళ్ళీ మూశాడు. పెళ్ళయ్యాక ఆయన తనంతట తాను ఆపేసిన మొదటి వాక్యం అదేనేమో.

అవతల ఎక్కడో కుళాయి పారుతున్న చప్పుడు, కాసేపటికి మగగొంతులో ఒక కేక. కోడలు ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

"నేనింకా ముట్టుకోలేదు," అంది ఛైర్‌పర్సన్. నెమ్మదైన గొంతు, అందుకే ఇంకా భయం వేసింది. "'నకిలీవేమో, ముందు నేను పరీక్షిస్తా మేడమ్' అని మీ ఇన్‌స్పెక్టర్‌గారు మొహం కడుక్కున్నారు. ఇప్పుడు ఆయన పైపెదవి ఎర్రగా ఉంది. మీసం తెల్లగా ఉంది."

వార్డెన్ మొహం గోడ వైపు తిప్పుకుంది. భుజాలు మాత్రం ఊగాయి.

"చూడమ్మా," అంది ఛైర్‌పర్సన్. "సబ్బు చెడగొట్టినవాళ్ళని చాలామందిని చూశాను. చెడిందని ఫోన్‌లో అరిచి చెప్పినదాన్ని ఇప్పుడే వింటున్నాను. దాచడం మాత్రం నాకు నచ్చలేదు. మూడింటికి రా. సబ్బు తేనక్కర్లేదు. ఎందుకు చెడిందో కనుక్కునిరా. అది చెప్పగలిగితే కూర్చుని మాట్లాడుకుందాం. చెప్పలేకపోతే ఆటో ఖర్చు దండగ."

ఫోన్ పెట్టేసింది.

*

పన్నెండూ ముప్పై ఐదు. గరాజ్‌లో నలుగురూ బల్ల చుట్టూ నిలబడ్డారు.

"చేసింది చేసినట్టు చేసి చూపించు," అంది వార్డెన్. "ఒక్క అలవాటు కూడా వదలకుండా."

కోడలు ముందు సోడా డబ్బా చూపించింది. సోడాని కాగితం కప్పులో తూస్తుంది. ప్రతిసారీ కొత్త కప్పు, కప్పు పెట్టి యంత్రాన్ని సున్నాకి తెచ్చి మరీ తూస్తుంది. అందులో పొరపాటు లేదు. తర్వాత నూనె, బ్యాచ్‌కి రెండు మగ్గులు. పచ్చ మగ్గు తీసుకుని, డబ్బాలోంచి వొంపుకుని, యంత్రం మీద పెట్టి, అంకె చూసి పెదాలు కదిపింది.

"ఆగు. ఏం లెక్కేశావు?"

"మగ్గు బరువు తీసేశాను. రెండువందల పది గ్రాములు."

"యంత్రాన్ని సున్నా చెయ్యలేదేం?"

"మొదట్లో నా దగ్గరున్న తూకానికి ఆ మీట లేదు. మూడేళ్ళుగా ఇదే మగ్గు. దీని బరువు నాకు నిద్రలో కూడా తెలుసు."

"నిద్ర లేచి ఒకసారి ఉత్త మగ్గు పెట్టు."

కోడలు నూనె తిరిగి డబ్బాలో వొంపి, మగ్గు తుడిచి యంత్రం మీద పెట్టింది.

రెండువందల తొంభై.

కోడలు తీసి మళ్ళీ పెట్టింది. రెండువందల తొంభై. ఆమె చేత్తో మగ్గు అడుగు తడిమింది, పిడి తడిమింది, తెలిసిన మనిషి మొహంలో తెలియని పుట్టుమచ్చ చూసినట్టు చూసింది. "ఇది... నా మగ్గు కాదు."

"బ్యాచ్‌కి రెండు మగ్గుల నూనె," అంది వార్డెన్. "మగ్గుకి ఎనభై గ్రాముల చొప్పున నూనె తగ్గింది. సోడా మాత్రం ఎప్పటంతే పడింది. మిగిలిపోయిన సోడా నీ నాలుకనీ, ఒకాయన మీసాన్నీ చూసుకుంది. ఇక తేలాల్సింది ఒక్కటే. మగ్గు మార్చిందెవరు?"

వంటింటి తలుపు వైపు ఎవరో అడుగు వెనక్కి వేసిన చప్పుడు వినిపించింది.

"వదినా," అంది వార్డెన్ వెనక్కి తిరక్కుండానే. "స్టవ్ మీద ఏమీ లేదు."

అత్తగారు ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కడుగుతుంటే చేజారి పిడి విరిగిందమ్మా. దాని పనిముట్టు విరగ్గొట్టానని తెలిస్తే ఎంత బాధపడుతుందో అని, అదే రంగు, అదే సైజు, నాలుగు కొట్లు తిరిగి మరీ తెచ్చా. ఈసారి విరక్కుండా గట్టిది ఇమ్మన్నా!"

"ఎప్పుడత్తయ్యా?"

"నీ ట్రైనింగ్‌కి రెండ్రోజుల ముందు."

కోడలు అత్తగారిని చూసింది, మగ్గుని చూసింది. తిడుతుందనుకున్నారు. నవ్వింది. నాలుక మండి నవ్వు మధ్యలో 'అబ్బా' అంది, మళ్ళీ నవ్వింది. "మూడింటికి ఇదే చెబుతాను. మూడేళ్ళు ఒక మగ్గుని నమ్మాను, దాన్ని ఒక్కసారీ తూచలేదు అని. ఇకమీదట మీట నొక్కకుండా చుక్క నూనె కూడా తూచను."

"తను చెబుతుంది," అన్నాడు మాస్టారు. 'మేం' అనలేదు.

అత్తగారు మాత్రం నవ్వలేదు. మొహం ఇంకా పాలిపోయింది. వార్డెన్‌కి కింది అర గుర్తొచ్చింది. నాలుగు నూనె మరకలు, రెండు సబ్బులు.

"అమ్మాయ్, మిగిలిన నాలుగింట్లో నువ్వెన్ని తీశావు?"

"ఒకటి నాలుకకి తాకించి అక్కడే పెట్టేశాను. ఏదీ తియ్యలేదు."

ముగ్గురూ కలిసి అత్తగారి వైపు తిరిగారు.

"నిన్న సాయంత్రం," అంది అత్తగారు సన్నగా. "పార్కులో నాతో పాటు నడుస్తుందే, ఆ పెద్దావిడకి రెండిచ్చా. మా కోడలు చేసిందని. ఆవిడ ఇంట్లో ఒక మంచిమాట వేస్తే పిల్లకి పనికొస్తుందని..."

"ఏ పెద్దావిడ?"

"ఛైర్‌పర్సన్ వాళ్ళ అత్తగారు."

వార్డెన్ గోడ గడియారం వైపు చూసింది. పన్నెండూ నలభై ఎనిమిది.

"ఆవిడ స్నానం ఎన్నింటికి?" అంది వార్డెన్.

"టీవీ సీరియల్ అయ్యాక. ఒంటిగంటకి."

"ఫోన్ చెయ్యండి!"

"చెవుడు. ఎత్తదు. పగలు ఇంట్లో ఇంకెవరూ ఉండరు."

మాస్టారు కారు తాళాల కోసం జేబు తడుముకుని, కారు ఎవరి దగ్గరుందో గుర్తొచ్చి తల పట్టుకున్నాడు. వార్డెన్ అప్పటికే గేటు దగ్గరుంది. ఇల్లు తెలిసింది అత్తగారికొక్కదానికే కాబట్టి, బీన్సు బుట్ట కాళ్ళ దగ్గర వదిలేసి ఆవిడ వెనక సీటెక్కింది. స్కూటర్ స్టార్టయింది. కోడలు చేతిలో మగ్గుతో గుమ్మంలో నిలబడింది.

మలుపు దగ్గర అత్తగారు వార్డెన్ భుజం గట్టిగా పట్టుకుని చెవి దగ్గర నోరు పెట్టింది.

"వార్డెనమ్మా, కోపం తెచ్చుకోనంటే ఇంకొక్క మాట చెబుతా."

"ఏంటి?"

"మొహానికి పట్టించి, పది నిమిషాలు ఉంచుకుని కడుక్కోమన్నా."